షాఫ్టు సరిపోయిందని ఎన్‌కోడర్ కొనెయ్యకండి: నాలుగు రకాల మీద రివ్యూ

వాల్యూమ్ పెంచుదామని నాబ్ కుడికి తిప్పితే 14, 15, 14, 13, 16 అంటూ అంకెలు తైతక్కలాడుతున్నాయా? ఆంప్లిఫయర్ పోయిందని కంగారు పడక్కర్లేదు. నాబ్ కింద ఉండే రోటరీ ఎన్‌కోడర్‌కి, అంటే తిప్పుడుని పల్సులుగా మార్చే పార్టుకి, మురికి పట్టి ఉంటుంది, లేదా అది అరిగిపోయి ఉంటుంది. హోమ్ థియేటర్, కార్ స్టీరియో, మైక్రోవేవ్, త్రీడీ ప్రింటర్, బెంచి మీది పవర్ సప్లై, అన్నిట్లోనూ ఇదే కథ. బోర్డు ఖరీదు వేలల్లో ఉంటే ఈ పార్టు చాలాసార్లు వందలోపే వస్తుంది. అయినా మార్చాక వినబడే ఫిర్యాదు ఒకటుంది: "కొత్తది వేశాం, ఇప్పుడు రెండు క్లిక్కులు తిప్పితే గానీ ఒక్క అంకె కదలట్లేదు." పార్టు బాగానే ఉంది. ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగింది.

విశాఖలో రిపేరు చేసేవాళ్లకి దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో చేతికందే రకాలు నాలుగు: బోర్న్స్ పీఈసీ11ఆర్, ఆల్ప్స్ ఈసీ11ఈ, పేరూ ఊరూ లేని ఈసీ11, కేవై-040 మాడ్యూల్. తీర్పు ముందే చెప్పేస్తే, ఖరీదైన పరికరానికి మొదటి రెండిట్లో ఒకటి. ఆ రెండిట్లో ఏదన్నది బ్రాండు మీద కాదు, పాత పార్టులో క్లిక్కుకీ పల్సుకీ ఉన్న లెక్క మీద ఆధారపడుతుంది. మూడోది త్రీడీ ప్రింటర్ లాంటి వాటికి చాలు. నాలుగోది ప్రయోగాలకి బాగుంటుంది, స్పేరుగా మాత్రం దండగ.

ముందు అది ఎన్‌కోడరేనా

నాబ్ ఒక చోట ఆగిపోతుంటే అది పొటెన్షియోమీటర్, మనవాళ్లు పాట్ అనేది. ఎంత తిప్పినా ఆగకుండా తిరుగుతుంటే దాదాపుగా ఎన్‌కోడరే. రెండిటికీ మూడేసి కాళ్లు ఉండొచ్చు కాబట్టి కంటితో చూసి తేల్చకండి. మల్టీమీటరు పెడితే పాట్‌లో నిరోధం మెల్లగా మారుతుంది. ఎన్‌కోడర్‌లో మధ్య కాలికీ పక్క కాలికీ మధ్య ఉంటే పూర్తి బీప్, లేకపోతే ఏమీ ఉండదు. నడిమధ్యన ఏ 300 ఓములో చూపిస్తే లోపల కాంటాక్టు మీద పొర కట్టిందన్నమాట.

జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు విడిభాగాల కౌంటర్ల దగ్గర "వాల్యూమ్ కంట్రోల్ ఇవ్వండి" అంటే 10 కిలో ఓముల పాట్ చేతిలో పెడతారు. తప్పు అడిగినవాళ్లదే. "ఈసీ11 ఎన్‌కోడర్, స్విచ్ ఉన్నది" అని అడగాలి. పాతది ఊడదీసి వెంట తీసుకెళ్తే ఇంకా మేలు.

ఈసీ11 అచ్చు ఎలా ఉంటుందంటే: ఒక వైపు మూడు కాళ్లు, 2.5 మి.మీ. ఎడంతో. మధ్యది కామన్, పక్కవి ఏ, బీ. ఎదురు వైపు రెండు కాళ్లు, 5 మి.మీ. ఎడంతో, అవి నొక్కే స్విచ్‌వి. ఆ వరుసకీ ఈ వరుసకీ మధ్య 14.5 మి.మీ. మిగతా రెండు పక్కలా బోర్డులోకి దిగే రేకు చెవులు. షాఫ్టు 6 మి.మీ., ఒక వైపు చదును చేసి 4.5 మి.మీ.కి తగ్గించి ఉంటుంది, లేదా పళ్లు కోసి ఉంటుంది. షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం, అంటే బుష్, దాని మరలు సాధారణంగా ఎమ్7, 0.75 పిచ్. ఈ కొలతలు కలిస్తే సగం పని అయినట్టే. కలవకపోతే అది ఈసీ12, ఈసీ16 వర్గం కావచ్చు, కార్ స్టీరియోల్లో వాడే ప్రత్యేక రకం కావచ్చు. అప్పుడు బోర్డుకి కొత్త రంధ్రాలు వేసే సాహసం చెయ్యకుండా అదే నంబరు వెతకండి. కాళ్లు ఏడెనిమిది ఉండి అన్నీ సిగ్నళ్లే అయితే, వాషింగ్ మెషిన్ ప్యానెళ్లలో కొన్ని అలాంటివి, అది కోడెడ్ స్విచ్. దానికి ఈసీ11 ఏ విధంగానూ బదులు కాదు.

అసలు చూడాల్సింది: క్లిక్కు, పల్సు

ఎన్‌కోడర్ ఒక పల్సు ఇవ్వడమంటే ఏ, బీ రెండూ ఒకదాని వెనక ఒకటి మూసుకుని, మళ్లీ ఒకదాని వెనక ఒకటి తెరుచుకోవడం. ఏది ముందు మూసుకుందో చూసి ప్రాసెసర్ కుడో ఎడమో తేల్చుకుంటుంది. చేతికి తగిలే క్లిక్కు, డేటాషీట్లలో (పార్టు గురించి కంపెనీ ఇచ్చే వివరాల పత్రాల్లో) డిటెంట్ అని రాసేది, వేరే సంగతి. అది లోపలి స్ప్రింగు గాడిలో పడే చప్పుడు మాత్రమే. కొన్ని రకాల్లో క్లిక్కుకి ఒక పూర్తి పల్సు. మరికొన్నిట్లో క్లిక్కుకి అర పల్సే. పరికరంలోని ప్రోగ్రామ్ ఈ రెండిట్లో ఏదో ఒకదాన్ని నమ్ముకుని రాసి ఉంటుంది, దాన్ని మనం మామూలుగా మార్చలేం.

అందుకే పాతది 24 క్లిక్కులు, 24 పల్సులదైతే, దాని స్థానంలో 30 క్లిక్కులు, 15 పల్సులది వేస్తే రెండు క్లిక్కులకి ఒక అంకె కదులుతుంది. తలకిందులుగా వేస్తే ఒక్క క్లిక్కుకి రెండేసి అంకెలు దూకుతాయి, మెనూలో మధ్య వరస ఎప్పటికీ దొరకదు. అదే 24/24 స్థానంలో 20/20 వేస్తే ఏమీ కాదు, నాబ్ కాస్త ఎక్కువ తిప్పాలి, అంతే. ఎన్ని క్లిక్కులన్నది చిన్న విషయం. క్లిక్కుకెంత పల్సు అన్నదే పెద్ద విషయం. దుకాణంలో షాఫ్టు మీద నాబ్ పెట్టి చూసుకుని డబ్బిచ్చి వచ్చేసేవాళ్లు తప్పేది ఇక్కడే.

పాతది ఎంత పాడైనా ఈ లెక్క దాని నుంచి రాబట్టొచ్చు. మీటరు బీప్‌లో పెట్టి ఒక ప్రోబు మధ్య కాలికి, ఇంకోటి పక్క కాలికి ఆనించండి. షాఫ్టు మీద మార్కరుతో గీత గీసి ఒక్కో క్లిక్కూ తిప్పండి. ఆగిన ప్రతి చోటా ఒకే స్థితి ఉండి, క్లిక్కుకీ క్లిక్కుకీ మధ్యలో బీప్ వచ్చి పోతే క్లిక్కుకి ఒక పల్సు. ఆగిన చోట ఒకసారి బీప్, మరోసారి నిశ్శబ్దం, అలా మార్చి మార్చి వస్తే క్లిక్కుకి అర పల్సు. చుట్టు పూర్తయ్యేసరికి మొత్తం క్లిక్కులూ, మొత్తం బీప్‌లూ కాగితం మీద రాసుకోండి. రెండో పక్క కాలితో కూడా ఇదే చెయ్యాలి. ఎందుకంటే కొన్ని ఆల్ప్స్ రకాల్లో ఆగిన చోట బీ సిగ్నల్ ఏ స్థితిలో ఉంటుందో కంపెనీయే హామీ ఇవ్వదు, సరిగ్గా అంచు మీద నిలబడుతుంది. దాన్ని చూసి పార్టు పాడైందనుకోవద్దు. లెక్కకి 'ఏ' సిగ్నల్ కాలే ప్రమాణం.

క్లిక్కులే లేకుండా మెత్తగా తిరిగే రకమైతే బీప్‌లు లెక్కపెడితే చాలు.

బోర్న్స్ పీఈసీ11ఆర్

క్లిక్కుకి ఒక పల్సు కావాలంటే మొదట చూడాల్సింది ఇదే. దీని గొప్పతనం నంబరులోనే కనబడుతుంది. ఉదాహరణకి పీఈసీ11ఆర్-4215ఎఫ్-ఎస్0024. మొదటి 4 కాళ్ల అమరిక. తర్వాతి 2 అంటే చుట్టుకి 24 క్లిక్కులు, అక్కడ 0 ఉంటే క్లిక్కులు లేని రకం. 15 షాఫ్టు పొడవు, మి.మీ.లలో. ఎఫ్ చదును షాఫ్టు, కె అయితే పళ్ల షాఫ్టు. ఎస్ అంటే నొక్కే స్విచ్ ఉంది, ఎన్ అయితే లేదు. చివరి 24 పల్సుల సంఖ్య.

చివర 0012 ఉన్నది కూడా అమ్ముతారు, జాగ్రత్త. చూడటానికి కవలల్లా ఉంటాయి. కానీ అందులో 24 క్లిక్కులకి 12 పల్సులే, అంటే క్లిక్కుకి అర. మనకి కావాల్సిన లెక్క అదే అయితే వరం, కాకపోతే పైన చెప్పిన రెండు క్లిక్కుల బాధ మళ్లీ మొదలు. ఆర్డరు పెట్టేటప్పుడు ఎఫ్, ఎస్ చూసి సరిపెట్టుకోకుండా చివరి నాలుగంకెలూ చదవండి.

డేటాషీట్ ప్రకారం తిప్పుడు ఆయుష్షు కనీసం 30,000 చుట్లు, స్విచ్‌కి 20,000 నొక్కులు. కాంటాక్టు దడ, అంటే మూసుకునేటప్పుడు పడే తడబాటు, నిమిషానికి 15 చుట్ల వేగంలో 2 మిల్లీసెకన్లు మించదు. క్లిక్కు గట్టిగా, స్పష్టంగా ఉంటుంది. మెత్తటి క్లిక్కు ఇష్టపడేవారికి ఇది కాస్త మొరటు అనిపించొచ్చు. లోపమంటూ చెప్పాలంటే దొరకడమే. మౌసర్, డిజికీ లాంటి ఆన్‌లైన్ విడిభాగాల దుకాణాల నుంచి ఒక్కటి తెప్పిస్తే పార్టు కన్నా పార్సిల్ ఖర్చు ఎక్కువ. నలుగురు కలిసి పదో ఇరవయ్యో ఆర్డరు పెట్టుకుంటేనే గిట్టుబాటు.

ఆల్ప్స్ ఈసీ11ఈ

జపాన్ బ్రాండు ఆడియో పరికరాల బోర్డుల మీద ఆల్ప్స్ పేరు తరచూ కనబడుతుంది. క్లిక్కుకి అర పల్సు లెక్క తేలితే సూటిగా దీనికే వెళ్లండి. ఈసీ11ఈ15244జీ1 అనేది 30 క్లిక్కులు, 15 పల్సులు, నొక్కే స్విచ్ ఉన్న రకం. నంబరులో రెండో 'ఈ' అక్షరం తర్వాత వచ్చే 15 పల్సుల సంఖ్యే. తిప్పినప్పుడు వచ్చే అనుభూతిలో ఈ నాలుగిట్లో ఇదే మేటి: మెత్తగా, సమంగా, షాఫ్టు ఊగకుండా. ఆయుష్షు కాగితం మీద బోర్న్స్ కన్నా తక్కువే, 15,000 చుట్లు. రోజుకి ఐదారు చుట్లు తిప్పే వాల్యూమ్ నాబ్‌కి అది ఏళ్లకి ఏళ్లు వస్తుంది కాబట్టి దిగులు లేదు.

చూసుకోవాల్సింది స్విచ్ లోతు. నొక్కితే 0.5 మి.మీ. దిగేదీ ఉంది, 1.5 మి.మీ. దిగేదీ ఉంది. పాతది తక్కువ లోతుదై, నాబ్ ముందు ప్యానెల్‌కి దగ్గరగా ఉండి, కొత్తది 1.5 వేశారనుకోండి. నాబ్ ప్యానెల్‌కి ఆనుకుంటుంది, స్విచ్ మాత్రం పడదు.

పేరు లేని ఈసీ11

పది ప్యాకెట్‌గా అమ్ముతారు. చౌక. కానీ ప్యాకెట్ మీద "20 పల్సులు" అని ఉండటం, లోపల ఏముందో అనేది వేరు వేరు. ఇవి ఎక్కువగా 20 క్లిక్కులు, 20 పల్సుల రకం. 30/15 కూడా అదే పేరుతో వస్తుంటాయి. కొన్న ప్రతి ప్యాకెట్‌లో ఒకటి మీటరుతో లెక్క చూడాల్సిందే.

నాణ్యత తేల్చడానికి ఒక ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి పెట్టుకోగల చిన్న కంట్రోలర్ బోర్డు) చాలు. ఏ, బీ కాళ్లని రెండు పిన్నులకి, మధ్య కాలిని గ్రౌండుకి కలిపి లెక్క తెరమీద చూపించే చిన్న ప్రోగ్రామ్ పెట్టండి. షాఫ్టు మీద గీత గీసి పది చుట్లు ముందుకు, పది చుట్లు వెనక్కి తిప్పండి. లెక్క సున్నాకి తిరిగి రావాలి. ఒకసారి మెల్లగా, ఒకసారి విసురుగా. మెల్లగా తిప్పినప్పుడే తప్పితే కాంటాక్టు బాగోలేదు, పక్కన పారెయ్యండి. విసురుగా తిప్పినప్పుడే తప్పితే అది దడ. దాన్ని కెపాసిటర్‌తో సర్దుకోవచ్చు.

బోర్న్స్ డేటాషీట్‌లో సూచించిన ఫిల్టర్ ఇది: ఒక్కో లైనుకి 10 కిలో ఓముల పుల్-అప్ (లైనుని ప్లస్ వోల్టేజీకి కలిపే రెసిస్టర్), వరసలో ఇంకో 10 కిలో ఓములు, గ్రౌండుకి 0.01 మైక్రోఫారడ్. పరికరం బోర్డు మీద ఇవన్నీ పెట్టే చోటు ఉండదు. అక్కడ బోర్డు వెనక వైపు ఏ నుంచి కామన్‌కి, బీ నుంచి కామన్‌కి చెరో 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ అతికిస్తే చాలాసార్లు పని జరుగుతుంది. పుల్-అప్ 10 కిలో ఓములైతే ఆలస్యం సుమారు 1 మిల్లీసెకను. 24 పల్సుల ఎన్‌కోడర్‌ని సెకనుకి రెండు చుట్లు తిప్పినా ఒక్కో మార్పుకీ మధ్య 5 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి ఇబ్బంది రాదు. సీఎన్‌సీ యంత్రాల్లో చేత్తో తిప్పే 100 పల్సుల చక్రానికి మాత్రం ఈ చిట్కా వాడొద్దు. అక్కడ ఆ గ్యాపు 1.25 మిల్లీసెకన్లకి పడిపోతుంది, పల్సులే మింగేస్తుంది.

కేవై-040

ఈసీ11 తరహా ఎన్‌కోడర్‌నే చిన్న బోర్డు మీద ఎక్కించి, రెండు 10 కిలో ఓముల పుల్-అప్‌లు కలిపి ఇస్తారు. స్విచ్‌కి పుల్-అప్ పెట్టాల్సిన చోటు చాలావాటిలో ఖాళీగానే ఉంటుంది, అందుకే "నొక్కితే పిచ్చి రీడింగులు" అనే గోల. ప్రోగ్రామ్‌లో లోపలి పుల్-అప్ ఆన్ చేస్తే సరి. ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై లాంటి 3.3 వోల్టుల బోర్డులకి కలిపేటప్పుడు ప్లస్ కాలికి 3.3 వోల్టులే ఇవ్వాలి. 5 వోల్టులిస్తే పుల్-అప్‌ల దారిన అది కంట్రోలర్ పిన్నుల మీద పడుతుంది. స్పేరు కోసం దీన్ని కొని, బోర్డు నుంచి ఎన్‌కోడర్ ఊడదీసి, దాన్ని మళ్లీ ఇంకో బోర్డులో అతికించడం అంటే ప్లాస్టిక్ బాడీని రెండుసార్లు కాల్చడం. విడి ఎన్‌కోడర్ ఉండగా ఆ తిప్పలెందుకు?

విశాఖలో ఇవెందుకు త్వరగా మొరాయిస్తాయి

ఈ తరహా ఎన్‌కోడర్లు సీలు వేసినవి కావు. షాఫ్టు సందులోంచి, బాడీ అంచుల్లోంచి గాలి లోపలికి వెళ్తుంది. ఆర్కే బీచ్, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఆ గాలితో ఉప్పు తేమ, కాన్వెంట్ జంక్షన్, పోర్టు వైపు బొగ్గు, ఖనిజపు దుమ్ము. కాంటాక్టుల మీద సన్నటి పొర కడుతుంది. పెద్ద కరెంటు పారే స్విచ్‌లో అయితే ఆ పొర తనంతట తనే చీలిపోతుంది. ఎన్‌కోడర్‌లో పారేది 5 వోల్టులు, 10 కిలో ఓముల లెక్కన అర మిల్లీఆంపే. దానికి పొరని తొలిచే సత్తా లేదు. వాడకుండా మూలన పెట్టిన ఆంప్లిఫయర్‌లో ఈ జబ్బు ఎక్కువ కావడానికి కారణమూ అదే, తిప్పుతుంటే రాపిడికైనా పొర పోయేది.

కాబట్టి కొనే ముందు ఒక ప్రయత్నం చెయ్యొచ్చు. పవర్ తీసేసి, షాఫ్టు సందులో కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క వేసి, రెండు వైపులా యాభైసార్లు తిప్పి, ఆరనిచ్చి చూడండి. మామూలు డబ్ల్యూడీ-40 వద్దు, నూనె పొర మిగిల్చి దుమ్ముని ఇంకా పట్టేస్తుంది. క్లీనర్ పనిచేసినా కొన్నాళ్లే అనుకోండి, లోపలి గ్రీజుని కూడా అది కడిగేస్తుంది. బాడీని పట్టి ఉంచే రేకు మడతలు ఎత్తి, దాన్ని విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచే పద్ధతీ ఉంది. అరుదైన రకానికైతే ఆ ఓపిక పెట్టండి. ఒకటి రెండుసార్లు వంచితే ఆ మడతలు విరుగుతాయి, స్విచ్ లోపలి చిన్న రేకు డోమ్ ఎగిరి ఎక్కడో పడుతుంది. వందలోపు పార్టుకి అంత అవసరం లేదు.

ఆప్టికల్ అయితే

కొలత పరికరాల్లో, మంచి రేడియో సెట్లలో కాంటాక్టుల బదులు కాంతితో పనిచేసే రకం ఉండొచ్చు. నాలుగు తీగలు, అందులో ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండు. కరెంటు ఇవ్వకుండా మీటరుతో ఏమీ తెలియదు. దీని స్థానంలో ఈసీ11 పెట్టకండి. ఆప్టికల్‌కి దడ ఉండదు కాబట్టి అసలు ప్రోగ్రామ్‌లో దడని వడకట్టే ఏర్పాటే ఉండకపోవచ్చు. హ్యామ్‌లకి, అంటే అభిరుచితో రేడియో నడిపేవాళ్లకి, ఒక మాట: హైదరాబాద్‌కి చెందిన అశ్హర్ ఫర్హాన్ రూపొందించిన యూబిట్‌ఎక్స్ లాంటి రేడియో సెట్లలో ఉండేది మామూలు మెకానికల్ ఎన్‌కోడరే. ట్యూనింగ్‌కి క్లిక్కులు విసుగనిపిస్తే బోర్న్స్‌లో క్లిక్కులు లేని రకం వేసుకోవచ్చు.

ఊడదీయడం, బిగించడం

ఏడు చోట్ల సోల్డర్ ఉంటుంది. పాతది ఎలాగూ పారేసేదే, బోర్డుని కాపాడండి. కట్టర్‌తో ఐదు కాళ్లనీ బాడీ దగ్గర కత్తిరించి ఒక్కొక్కటిగా లాగండి. మొండికేసేవి రెండు రేకు చెవులు, అవి గ్రౌండ్ రాగికి అతికి వేడిని తాగేస్తాయి. వెడల్పాటి బిట్ పెట్టి, కొత్త సోల్డరూ ఫ్లక్సూ కలిపి కరిగించి సక్కర్‌తో లాగాలి. సన్నని బిట్‌తో ఒత్తుతూ కూర్చుంటే రంధ్రంలోని రాగి గొట్టం చెవితో పాటే బయటికొస్తుంది. కొత్తదాన్ని అతికేటప్పుడు 350 డిగ్రీలు, కాలికి 3 సెకన్లు మించొద్దు. తర్వాత బోర్డుని ఆల్కహాల్‌తో కడిగే అలవాటుంటే ఎన్‌కోడర్ వైపు మాత్రం వద్దు, కరిగిన ఫ్లక్సు లోపలికి దిగి కొత్త కాంటాక్టు మీదే పొరగా ఆరుతుంది.

షాఫ్టు పొడవు కొలిచేటప్పుడు బాడీ పైముఖం నుంచి కొలవండి, బుష్ చివరి నుంచి కాదు. 15, 20 మి.మీ.లు సులువుగా దొరుకుతాయి. సరైనది లేకపోతే పొడుగుది కొని కోసుకోవచ్చు, అదీ బోర్డు మీద పెట్టకముందే. వైస్‌లో షాఫ్టునే బిగించాలి, బాడీని కాదు. కోతపొడి బుష్‌లోకి జారకుండా టేపు చుట్టండి. తిప్పితే అంకెలు తలకిందులుగా వెళ్తే కంగారు వద్దు, ఏ, బీ తారుమారయ్యాయి. తీగలతో కలిపిన చోట రెండూ మార్చేస్తే సరి. నేరుగా బోర్డులో దిగే రకమైతే ట్రాక్ కోసి సన్న తీగలతో మార్చాలి.

విడి ప్యాకెట్లలో ఎమ్7 నట్టు, వాషరు చాలాసార్లు ఉండవు. పాతదాని మీదివి విప్పి డబ్బాలో వేసుకున్నాకే దాన్ని చెత్తబుట్టలో పడెయ్యండి.